స్కానింగ్ గదిలో మా వదిన

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆస్పత్రిలో స్కానింగ్ మిషను నడుపుతుంది. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ఆ గుండ్రటి మిషనులోకి పంపి, తను అద్దం ఇవతల కూర్చుని మైకులో చెబుతుంది: "ఊపిరి పీల్చండి. బిగబట్టండి." ఆ కాసేపూ ఊపిరి ఆడితే బొమ్మ చెదిరిపోతుందట.

"ఫొటో తీసేవాళ్ళెవరైనా నవ్వమంటారు. మా అక్క మాత్రం ఊపిరి ఆపమంటుంది" అని మా ఆయన ఆటపట్టించేవారు.

"నీ మొహం కంటే నీ లోపలి ఫొటోనే నయంరా" అనేది వదిన.

కరోనా రోజుల్లో ఆ గది ముందు జనం తెగేవారు కాదు. దగ్గుతో, ఆయాసంతో ఉన్నవాళ్ళు ఊపిరి ఎక్కడ బిగబట్టగలరు? వదిన అద్దం ఇవతల తనూ వాళ్ళతో పాటు బిగబట్టేది. సాయంత్రానికి తల తిరిగేది. మా ఇంట్లోకి రాకుండా మెట్ల మీదే కూర్చుని, నేను దూరంగా పెట్టిన కంచం తీసుకుని తినేది. "నీకెందుకు వదినా ఈ తిప్పలు?" అంటే, "వాళ్ళనొక్కళ్ళనే బిగబట్టమనడానికి నాకు నోరు రాదమ్మాయ్" అనేది.

తర్వాత మా ఆయనకే జ్వరం తగిలింది. నాలుగడుగులు వేస్తే రొప్పు. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తులు బాగుంటే మాత్రలిచ్చి ఇంటికి పంపుతారనీ, లేకపోతే అటునుంచటే పై వార్డుకి తీసుకుపోతారనీ, అక్కడికి ఇంటివాళ్ళను రానివ్వరనీ ముందే చెప్పారు.

స్కానింగ్ అయ్యాక ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చినప్పుడు, తెరిచిన తలుపులోంచి నాకు తెర మీది బొమ్మ కనబడింది. ఊపిరితిత్తులు రెండూ దూదిలా తెల్లగా ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది.

"వదినా, అంతా తెల్లగా ఉంది! ఒక్క మరకైనా లేదు కదా!"

ముసుగులూ కళ్ళద్దాలూ దాటి ఆవిడ మొహం నాకు కనబడలేదు. "వాడి దగ్గరికి వెళ్ళి మాట్లాడు, పో" అంది. కుర్చీ తోసుకుపోవడానికి వచ్చిన ఆయాను ఆపేసింది. "ముందు గది తుడవాలి, ఆగు."

"గది తుడవడానికీ కుర్చీకీ ఏం సంబంధమమ్మా?"

"ఉంది. ఆగమన్నానా!"

నేను ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"ఏంటే, మాస్కులోంచి కూడా నవ్వు కారిపోతోంది?" అన్నారు, మాట మాటకీ ఆగుతూ.

"బొమ్మ చూశాను. మొత్తం తెల్లగా ఉంది!"

"తెల్లగా ఉందా?" ఆయన నా కళ్ళలోకే చూశారు. "ఇంకేం మరి. ఇంటికెళ్ళి పడుకో. నేనొచ్చేలోగా మంచమంతా నువ్వే ఆక్రమించకు."

"పొండి" అని ఆయన చెయ్యి తోసేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయా గది తుడవడం అయ్యేదాకా అలాగే ఏవేవో మాట్లాడుకున్నాం.

పై వార్డుకి వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు.

చాన్నాళ్ళకి వదిన చెప్పింది. గాలి ఆడే ఊపిరితిత్తులు ఆ బొమ్మలో నల్లగా ఉంటాయట. తెలుపంతా జబ్బేనట.

"మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని గట్టిగానే అడిగాను.

"చెబితే ఏడ్చుకుంటూ వెళ్ళేదానివి. వాడు నిన్ను ఓదారుస్తూ కూర్చునేవాడు. ఉన్న కాస్త ఊపిరీ దానికే అయిపోయేది."

"ఆయనకి కూడా తెలియదా వదినా?"

"వాడికి తెలియకపోవడమేంటి? తెలుపంటే ఏంటో నేనే ఎన్నిసార్లు చెప్పానో" అంటూ వదిన నన్ను దగ్గరికి తీసుకుంది.