నలభై రెండు తుపాకులు

మా అత్త ముప్ఫై ఏళ్ళపాటు కట్టుడు పళ్ళకి గార పట్టించింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ అదే ఆవిడ ఉద్యోగం. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో కిటికీ పక్క బల్ల ఆవిడది. అచ్చులోంచి వచ్చిన పళ్ళు తెల్లగా, అన్నీ ఒకే తీరుగా ఉండేవి. వాటిని అలాగే పెట్టుకుంటే నవ్వగానే ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకని అత్త నాలుగు వెంట్రుకల కుంచెతో పన్ను మొదట్లో కాస్త పసుపు, సందుల్లో కాస్త గోధుమరంగు వేసేది. పొగ తాగే మనిషైతే లోపలివైపు ఇంకాస్త ముదురు. "సొంత పళ్ళు పాడుచేసుకోడానికి వీళ్ళకి అరవై ఏళ్ళు పట్టింది. నేను గంటలో పాడుచేసి ఇస్తున్నాను" అనేది.

ఆవిడ మా నాన్నకి అక్క, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదర్లేదు" అనేది, అదేదో జాకెట్టు కొలత కుదరనట్టు.

ల్యాబుకి పని పంపే డాక్టర్లలో ఒక ముసలాయనకి సైనికుల బొమ్మల పిచ్చి. బొటనవేలంత బొమ్మలు, కొని తెచ్చుకుని రంగులు వేసుకునేవాడు. ఒకరోజు జేబులోంచి ఒకదాన్ని తీసి అత్త బల్ల మీద పెట్టాడట.

"వీడు నెల్లాళ్ళు గుంటలో పడుకున్న మనిషమ్మా. చూడు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. కాస్త మురికి చేసిపెడతావా?"

అత్త వారం తర్వాత తిరిగిచ్చింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఆ తర్వాత బొమ్మని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వాసన వస్తుందేమోనని. అక్కణ్ణించి మొదలైంది. ఆయన స్నేహితులు, వాళ్ళ స్నేహితులు, అందరూ తమ బొమ్మలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళలో అత్తకి పేరే ఉండేది కాదు. "బురద మేడం" అంటే చాలు.

ఇంట్లో వెనక గదిలో ఆ పని చేసుకునేది. మురికికి కూడా ఓ లెక్క ఉందని చెప్పేది. బురద కిందనించి పైకి ఎక్కుతుంది, దుమ్ము పైనించి కిందికి దిగుతుంది. మోకాలు మాసిన తర్వాతే మోచెయ్యి మాస్తుంది. చెయ్యి తరచూ తగిలే చోట మురికి ఉండదు, మెరుపు ఉంటుంది. ముందు నీళ్ళలాంటి పల్చటి రంగు పూసి మడతల్లోకి పాకనిచ్చేది. అది ఆరాక, రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో అంచుల మీద పైపైన రుద్దేది. చివర్లో సుద్దముక్క గీకిన పొడి, జల్లెడ పట్టిన మట్టి. ఒక చొక్కా మాయడానికి ఆవిడకి మూడు రోజులు పట్టేది.

మా నాన్న ఆదివారాలు మధ్యాహ్నం అన్నం తిని ఆ గదికి వెళ్ళేవారు. మూడు వీధులు నడవాలంతే. నాన్న పెళ్ళికి ముందు ఆరేళ్ళు మిలిటరీలో చేశారు. సరిహద్దులో గొడవ జరిగిన ఏడు వాళ్ళ దళం ఎనిమిది రోజులు వానలో నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ నడకలోనే పక్కన ఏదో పేలి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. మిలిటరీవాళ్ళు ఇంటికి పంపించేశారు. బస్సు డిపోలో స్టోరు చూసుకునే ఉద్యోగం దొరికింది. ఆ ఎనిమిది రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. మేమూ అడగలేదు. అత్త గదిలో మూల కుర్చీలో కూర్చుని, ఆవిడ సైనికులకి మట్టి పూస్తుంటే చూసేవారు. రెండు గంటలు కూర్చుని, టీ తాగి, "వస్తానక్కా" అని లేచేవారు. ఇద్దరికీ అది సరిపోయేది.

ఎదురుగా అసలు సైనికుడే కూర్చుని ఉంటే, మురికి ఎలా ఉంటుందో అత్త పాత యుద్ధం ఫోటోల్లో ఎందుకు వెతుక్కునేదో అప్పట్లో నాకు తట్టలేదు.

అత్త రిటైరైన ఏడాది మా ఊళ్ళోని చిన్న సైనిక మ్యూజియం మేనేజరు ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఆ ఎనిమిది రోజుల నడకనే బొమ్మలతో ఒక పెద్ద బల్ల మీద చూపించాలని వాళ్ళ ఆలోచన. నలభై రెండు మంది సైనికులు, కూరుకుపోయిన ఒక లారీ, తెగిన రోడ్డు. అత్త ఒప్పుకుంది. మ్యూజియం వాళ్ళు ఒక పెట్టెడు ఫోటోలు ఇచ్చారు. పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఆదివారాలు మాత్రం నాన్నని రావద్దంది.

"పూర్తయ్యాక చూద్దువుగానిరా. నీకోసమే అనుకో" అంది.

ప్రారంభం రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నేను, అమ్మ కూడా వెళ్ళాం. గాజు పెట్టె చుట్టూ మేనేజరు, బొమ్మల పిచ్చివాళ్ళు, పేపరువాళ్ళు ఇద్దరు. అందరూ అత్తని మెచ్చుకుంటున్నారు. నాన్న వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ చివర్నించి ఈ చివరిదాకా చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నడుం నిలబెట్టి, కాస్త గట్టిగానే అన్నారు.

"అక్కా, తుపాకులు ఇలా ఉండవు."

"ఎలా ఉండవు?"

"ఇంత మురిగ్గా, తుప్పుపట్టి ఉండవు. మొహం ఎలా ఉన్నా సరే, తుపాకీ మాత్రం తుడిచేవాళ్ళం. పొడిగుడ్డ లేకపోతే బనీను విప్పి తుడిచేవాళ్ళం. అది పనిచెయ్యకపోతే ఇంక మనం లేనట్టే కదా."

అందరూ అత్త వైపు చూశారు. పేపరతని పెన్ను ఆగింది. పదకొండు నెలల పని, నలుగురి ముందు. అత్త నవ్వి, నాన్న ఎడమవైపుకి వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"ఫోటో చూసి వేశాన్రా బాబూ. నీకు పోయింది చెవులేననుకున్నాను, కళ్ళు కూడానా?"

అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న కూడా నవ్వారు.

తర్వాతి ఆదివారం నాన్న అత్త ఇంటికి వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. చుట్టాలిళ్ళల్లో కలిస్తే ఇద్దరూ బాగానే మాట్లాడుకునేవారు. "రావడం లేదేంరా" అని అత్త ఒకసారి అడిగితే "డిపోలో పని" అన్నారు. ఆదివారం డిపోలో స్టోరు తెరవరని ఆవిడకి తెలుసు. తన మాటే తగిలిందని అర్థం చేసుకుంది. అర్థం చేసుకుని ఊరుకుంది. మూడు వీధులు నడిచి వచ్చి ఒక్క మాట అంటే పోయేదేమో. కానీ తన లెక్క ప్రకారం తుపాకుల విషయంలో తను తప్పు చెయ్యలేదు. ఫోటో ఉంది. తప్పు చెయ్యని మనిషి ముందు మెట్టు దిగడం ఎలా అన్న పట్టుదల ఒకటి, చెవుల మాట అన్నందుకు సిగ్గు ఒకటి. రెండూ కలిసి ఆవిడని గుమ్మం దాటనివ్వలేదు. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఈలోగా నాన్నకి రెండో చెవి కూడా పోయింది.

నాలుగో ఏడు ఏదో పుస్తకం కోసమని మేనేజరు ఫోటోల పెట్టె మళ్ళీ పంపించాడు. తుపాకుల ఫోటో అందులోనే ఉంది. ఈసారి అత్త దాన్ని తిరగేసింది. వెనక పెన్సిలుతో రాసి ఉంది: వెనక్కి వచ్చిన రెండు నెలల తర్వాత రోడ్డు పక్క కాలవలో దొరికిన ఆయుధాలు.

అవి చనిపోయినవాళ్ళ తుపాకులు. రెండు నెలలు నీళ్ళలో పడి ఉన్నవి. వాటినే బతికి నడుస్తున్న నలభై రెండు మంది చేతుల్లో పెట్టింది.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. నాన్న వరండాలో ఉన్నారు. చెప్పినా వినపడదు కాబట్టి ఒక కాగితం రాసి తెచ్చుకుంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. 'తుపాకుల సంగతి నువ్వు చెప్పిందే నిజం. ఆ రోజు నేనన్న మాటకి నన్ను క్షమించరా.'

"ఏ మాట?" అన్నారు నాన్న.

అత్త నా వైపు చూసింది. నేనేం చెయ్యగలను? ఆవిడ నా దగ్గర పెన్ను తీసుకుని, అదే కాగితం వెనక, ఆ మాటని అక్షరం అక్షరం రాసింది. నాన్న చదివి, తల పైకెత్తి నవ్వారు. అప్పట్లా కాదు, నిజంగా నవ్వారు.

"బాగుందక్కా. అప్పుడు నాకు వినపళ్ళేదు. నువ్వు ఈ చెవి వైపున్నావు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను."

అత్త అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ రాసింది. 'మరి రావడం ఎందుకు మానేశావు?'

వినపడడం పోయాక నాన్న గొంతు పెద్దదైంది. జన్మంతా మెల్లగా మాట్లాడిన మనిషి, ఇప్పుడు పక్కింటికి కూడా వినపడేలా మాట్లాడతారు. ఆ గొంతుతోనే చెప్పారు.

"ఆ బురద చూసి. నువ్వక్కడ లేవు కదా, నీకెలా తెలిసిందక్కా? మోకాళ్ళ మీద ఎండి పగిలి, దానిమీద మళ్ళీ తడిబురద. అచ్చం అలాగే ఉండేది. చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. తుపాకులు మాత్రం తప్పుగా ఉన్నాయి, హమ్మయ్య, ఇవి బొమ్మలే అనుకున్నాను. ఆ తర్వాత నీ గదికి వస్తే ఇంకేం చూడాలో అని రాలేదు."

"చెప్పచ్చు కదరా" అంది అత్త, నోటితోనే, మరిచిపోయి. పెదాలు చూసి గ్రహించారో ఏమో,

"నువ్వడగలేదు కదక్కా" అన్నారు.

నాలుగేళ్ళు ఆవిడ ఒక మాట గురించి బాధపడింది. ఆ మాట ఆయన్ని చేరనే లేదు. తర్వాత నాతో అంది, "అడిగితే బాధపడతాడని అడగలేదని అందరికీ చెప్పేదాన్ని. అది కాదే. వాడు చెప్పే దాంట్లో నా పని తప్పని తేలుతుందని భయం."

ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. నాన్న వచ్చేముందు బల్ల మీద సామానంతా సర్దేసి, దుప్పటి కప్పేది. ఒక నోటుబుక్కు పెట్టుకుంది. అందులో ప్రశ్న రాసి ఇచ్చేది, నాన్న చదివి చెప్పేవారు. ఆ గొంతుకి వీధంతా వింటుందని అత్త కిటికీలు మూసేది. ఒక్కో ఆదివారం నాలుగైదు మాటలే. ఒక్కోసారి ప్రశ్న చదివి, పుస్తకం మూసి, "టీ పెట్టక్కా" అనేవారు. నన్ను కూర్చోనిచ్చేవారు కాదు. అత్త ఒక్కతే విన్నది. అలా మొదటి రోజు, రెండో రోజు. ఏడు నెలల్లో అయిదో రోజు దాకా వచ్చారు.

ఆ నెలల్లోనే అత్త మేనేజరుని బతిమాలి గాజు పెట్టె తెరిపించింది. జనం చూసి మెచ్చుకుంటున్నదాన్ని ఎందుకు కెలకడం అని ముందు ఆయన ఒప్పుకోలేదు. చివరికి మ్యూజియానికి సెలవైన సోమవారాల్లో రమ్మన్నాడు. పుల్లకి దూది చుట్టి, రంగు కరిగించే మందులో ముంచి, ఒక్కో తుపాకీ మీద తను పదకొండు నెలలు ఓపిగ్గా పట్టించిన తుప్పుని తనే తుడిచింది. కానీ అరవై అయిదేళ్ళు వచ్చాయి, చెయ్యి నిలవడం లేదు. రోజుకి నాలుగైదు కంటే అయ్యేవి కావు. రెండు తుపాకులు విరిగాయి కూడా, అతికించింది. నాలుగు సోమవారాల్లో పంతొమ్మిది అయ్యాయి.

నాలుగో సోమవారం అయిన రెండు రోజులకి, బుధవారం పొద్దున, నాన్న స్నానానికి వెళ్ళి పడిపోయారు. ఆసుపత్రికి వెళ్ళేలోపే అయిపోయింది.

అత్త మళ్ళీ మ్యూజియానికి వెళ్ళలేదు. రెండు నెలలు చూసి మేనేజరు గాజు బిగించేశాడు. ఇప్పటికీ అలాగే ఉంది. పంతొమ్మిది మంది తుపాకులు శుభ్రంగా ఉంటాయి, ఇరవై మూడు మందివి తుప్పుపట్టి ఉంటాయి. చూసేవాళ్ళు ఎందుకని అడిగితే అక్కడి గైడు, కొందరు సైనికులు బద్ధకస్తులని చెబుతున్నాడట. అది విని అత్త, "వాళ్ళు కాదు, నేను" అంది.

మొన్న ఆ నోటుబుక్కు నాకిచ్చింది. నాన్న చెప్పింది చదవాలని ఆశగా తెరిచాను. అన్నీ అత్త చేతిరాతలో ప్రశ్నలే. వాన ఎప్పుడు మొదలైంది. బూట్లు విప్పేవాళ్ళా. ముందు ఎవరు నడిచారు. ఆకలికి ఏం చేశారు. ఆఖరి పేజీలో ఉంది: ఆరో రోజు పొద్దున లేచేటప్పటికి ఎంతమంది ఉన్నారు. ఎక్కడా ఒక్క జవాబు లేదు.

"జవాబులు రాసుకోలేదా అత్తా?"

"వాడు నోటితో చెప్పాడు కదే. నాకు వినపడుతుంది కదా, రాయడమెందుకు అనుకున్నాను. గుర్తుంటుందనుకున్నాను."

కనీసం గుర్తున్నంత చెప్పమన్నాను. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. వంతెన దగ్గర ఒకడు నాన్న చెయ్యి పట్టుకున్నాడట, ఎవరో బాగా చిన్నవాడు. అక్కడ ఆగిపోయింది.

"ఆ వంతెన నాలుగో రోజా, అయిదో రోజా?" అని నన్నడిగింది.