కొండలు చెయ్యి మరచిపోని గేరు

ఒడిశా తీరాన గోపాలపురం దాటి ఇసుక దారిన కొంత దూరం పోతే, సముద్రంలో చేపల వేటకు పోయే వాడబలిజల పేట ఒకటి వస్తుంది. ఆ పేటలో పడవలను ఒడ్డుకు లాగే ట్రాక్టరు ఒక్కటే ఉండేది. అది కొండలుది.

చూడటానికి బొమ్మలా ఉండే పాతకాలపు చిన్న బండి. తేలిక కాబట్టే ఇసుకలో కూరుకుపోయేది కాదు. వేట ముగించుకొచ్చిన పడవ అలల అంచున ఆగగానే కొండలు బండిని వెనక్కి నడుపుకుంటూ నీళ్ళ దాకా పోయేవాడు. అతని భార్య గౌరమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పడవ తాడును బండి కొక్కేనికి తగిలించి, పక్కకు తప్పుకుని చెయ్యెత్తేది. అప్పుడతను మొదటి గేరు వేసి పడవను పైకి లాగేవాడు. లాగినందుకు పడవవాళ్ళు ఇచ్చే చేపలను గౌరమ్మ ఆటోలో బరంపురం తీసుకుపోయి, బడా బజార్లో అమ్ముకొచ్చేది.

వయసులో ఉన్నప్పుడు కొండలు కేరళ బోట్ల మీద పనిచేశాడు. అక్కడ వల లాగే వించి యంత్రం మీద పడి మోకాలు దెబ్బతింది. తిరిగొచ్చాక మళ్ళీ వేటకు పోలేదు. వేటకు పోని మగవాడికి ఆ పేటలో పెద్ద మాట ఉండదు. ట్రాక్టరు సీటు ఎక్కాక మాత్రం అందరూ అతని కోసం ఎదురుచూడటం మొదలైంది. అందుకే ఆ సీటు మీద ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు.

ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన బండి కదా, చివరికి గేరుబాక్సులోకి నీరు చేరింది. నూనె పాలు కలిపిన టీలా మారింది. పళ్ళు అరిగి, బరువు పడగానే మొదటి గేరు ఊడిపోసాగింది. ఒకరోజు సగం ఒడ్డెక్కిన పడవ జారి మళ్ళీ నీళ్ళలోకి పోయింది. దాంతో కొండలు బండిని వ్యానులో ఎక్కించి బరంపురం గోసాని నువాగాంలో ఉన్న మెకానిక్కు తిరుమలరావు దగ్గరికి తీసుకుపోయాడు.

తిరుమలరావు విప్పి చూసి, ఈ సామాను ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదనీ, ఇదే కంపెనీది ఇదే కాలపు బండి ఇంకొకటి దొరికితే దాని బాక్సు తెచ్చి దీనికి పెట్టవచ్చనీ చెప్పాడు. అలాంటిది హింజిలి వైపు ఒక చెరకు రైతు కొట్టంలో దొరికింది. ఇంజను పగిలిపోయి ఉంది, సీటు మీద కోళ్ళు కాపురం పెట్టాయి. గేరుబాక్సులో నూనె మాత్రం తేనెలా ఉంది. రైతు ఒడియాలో కోళ్ళను తిడుతూనే వాటిని దింపి, బండి అప్పగించాడు.

రెండు బండ్లనూ నడుము దగ్గర విడదీసి, ముందు సగాలను చెక్క దిమ్మల మీద నిలబెట్టారు. పైకి కవలల్లా ఉన్నా లోపల తేడాలు బయటపడ్డాయి. బోల్టుల కన్నాలు సరిపోయాయి గానీ కొత్త బాక్సు ఇరుసుకు పళ్ళు సన్నం. పాత క్లచ్ ప్లేటు దానికి ఎక్కలేదు. రైతు బండి ప్లేటునే తెచ్చి బిగిస్తే కుదిరింది. ఇంకొక తేడా ఏమిటంటే, ఆ బండి ఒకటి రెండేళ్ళ తర్వాత తయారైంది. పాత దాంట్లో మొదటి గేరు ఉన్న చోట ఇందులో రివర్సు ఉంది. రివర్సు ఉన్న చోటికి మొదటిది వచ్చింది. తిరుమలరావు ఆ సంగతి రెండుసార్లు చెప్పి, మడ్‌గార్డు మీద తెల్లరంగుతో గీసి కూడా పెట్టాడు. కొండలు తలూపాడు. వర్కుషాపు చుట్టూ తిప్పి చూశాడు, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒడ్డున మొదటి నాలుగు పడవలూ బాగానే వచ్చాయి. అయిదోది పైడన్న పడవ. సముద్రం కొంచెం పోటు మీద ఉంది. పైడన్న తొందరపెడుతున్నాడు. గౌరమ్మ తాడు తగిలించింది గానీ ఇంకా పక్కకు పోలేదు, పెద్ద అల రావడం చూసి వెనక్కి తిరిగింది. బండి ఉన్నచోట ఉంటే అల పడవను దాని మీదికి విసురుతుందని కొండలు కంగారుగా గేరు లీవరు లాగాడు. చెయ్యి పాత చోటికే పోయింది. బండి ముందుకు దూకాల్సింది పోయి వెనక్కి దూకింది.

గౌరమ్మ పక్కకు పడింది. పెద్ద చక్రం ఆమె చీర కొంగును ఇసుకలోకి తొక్కేసింది. పడవ ముక్కు పగిలింది. ఇంజను ఆగిపోయింది. గౌరమ్మ కొంగు చింపుకుని లేచి, నోట్లో ఇసుక ఉమ్మి, ముందు తాడు విప్పమని చెప్పింది.

పైడన్న పడవ బాగు చేయించే ఖర్చు కొండలే పెట్టుకున్నాడు. ఆ గొడవ అంతటితో తీరింది. కానీ కొండలు మళ్ళీ బండెక్కలేదు. తాళం చెవి గూట్లో పెట్టేశాడు. రాత్రుళ్ళు పడుకున్నా కుడిచెయ్యి తనంతట తానే ముందుకూ వెనక్కీ పోయేదట. పడవలవాళ్ళు మళ్ళీ భుజాలు పెట్టి తోసుకోవడం మొదలుపెట్టారు. అతను గుమ్మంలో కూర్చుని ఆ కేకలు వింటూ ఉండేవాడు.

కొన్నాళ్ళు చూసి గౌరమ్మ తాళం చెవి తీసుకుంది.

"నీకేటి వొచ్చు?" అన్నాడు కొండలు.

"నాకేటీ రాదు. అదే మంచిది. నీ సెయ్యి పాత దారే ఎల్తాది మావా. నా సేతికి పాత దారి నేదు."

అతను వెంట వెళ్ళాడు. అలలకు దూరంగా, సరుగుడు తోట పక్కన గట్టి నేల మీద ఆమెకు నేర్పాడు. నేర్పడమంటే క్లచ్ ఎలా వదలాలో చెప్పడమే, గేర్ల జోలికి పోలేదు. గేరు సంగతి మడ్‌గార్డు మీద బొమ్మ చూసి ఆమే నేర్చుకుంది. మొదట్లో బండి కప్పలా గెంతింది. ఒకసారి సరుగుడు మొక్కను పడగొట్టింది. వానలు మొదలయ్యేసరికి మాత్రం చూడకుండా గేర్లు మార్చసాగింది.

ఇద్దరూ కలిసి ఒడ్డుకు వచ్చిన రోజు పైడన్న తన పడవకు తాడు తగిలించనివ్వలేదు. ఆడది లాగితే తప్పని అనలేదు, ఇంకా నేర్చుకోనీ చూద్దాం అన్నాడు. మిగతావాళ్ళ పడవలు వరుసగా పైకి పోతుంటే అతని మనుషులు మాత్రం నడుములు పట్టుకుని తోస్తున్నారు. వారం తిరక్కుండానే అతనే వచ్చి తాడు ఇచ్చాడు.

కొక్కెం దగ్గర గౌరమ్మ చోట నిలబడటం కొండలుకు అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి రోజే అల అతన్ని ఈడ్చి పడేసింది. అన్నేళ్ళూ పనంతా సీటు మీదే ఉందనుకున్నాడు. ఏ అల వెనక నీరు తగ్గుతుందో చూసి, ఆ సందులో వంగి, తాడు తగిలించి, పడవ కొట్టకముందే బయటపడాలి. ఇన్నాళ్ళూ గౌరమ్మ ఒక్క మాట కూడా చెప్పకుండా ఇదంతా చేస్తూ వచ్చింది. అతను ఆమెను అడిగి అడిగి నేర్చుకున్నాడు. మోకాలు నొప్పెడితే ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకునేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో మాటలు పెరిగాయని పక్కింటివాళ్ళు చెబుతారు.

మొన్న శీతాకాలంలో తిరుమలరావు ఫోను చేశాడు. లీవరు అడుగున ఒక ముక్క చేర్చి బిగిస్తే గేర్లు పాత పద్ధతిలోకి వచ్చేస్తాయని, తనకు ఇప్పుడే ఉపాయం తట్టిందని, బండి తెస్తే ఒక పూటలో చేసిస్తానని అన్నాడు.

కొండలు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గౌరమ్మ వైపు చూశాడు. ఆమె ఆటో కోసం చేపల బుట్ట మీద తడిగుడ్డ కప్పుతోంది.

"వొద్దు బాబూ. ఇప్పుడు మారిస్తే మా ఇంటిదాని సెయ్యి తప్పుతాది" అన్నాడు. తర్వాత, ఇరుసు దగ్గర నీరు లోపలికి పోకుండా వేసే రబ్బరు సీళ్ళు ఏవైనా వచ్చాయా అని అడిగి, వచ్చి ఉంటే చేపలతో బరంపురం వస్తున్న ఆమె చేతికి ఇచ్చి పంపమన్నాడు.