పక్కింటి కుర్చీలు

మా నాయన మెదక్‌లో దర్జీ. చర్చికి పోయే దారిలో అద్దెకు తీసుకున్న ఒక చిన్న షట్టరు ఆయన దుకాణం. క్రిస్మస్ ముందు చర్చి పిల్లల సూట్లు, పెళ్లిళ్ల కాలంలో అల్లాదుర్గ్ వైపు నుంచి వచ్చే పెళ్లికొడుకుల సఫారీలు, మిషను చప్పుడు ఆగేది కాదు. ఆ మంచి రోజుల్లోనే రేషన్ కార్డులు రాసేవాళ్లు మా వార్డుకు వచ్చారు. లేనివాళ్లకు తెల్ల కార్డు, ఉన్నవాళ్లకు గులాబీ కార్డు. వాళ్లు అడగకముందే నాయన గులాబీ అన్నాడు. మిషను తొక్కి బతికేవాడు సర్కారు బియ్యం కోసం లైన్లో నిలబడకూడదని ఆయన పట్టుదల. ఆయన పౌరుషం సంగతి మా బియ్యం డబ్బాకు తెలియదు కాబట్టి అది మాత్రం నెలాఖరుకు ఖాళీ అయ్యేది.

తర్వాత రెడీమేడ్ ప్యాంట్లు వచ్చాయి. బస్టాండు దగ్గర గుట్టలు పోసి అమ్మేవాళ్లు. నాయన కుట్టుకూలి కంటే ఆ ప్యాంటే చవక. ఆయనకు మిగిలిన పనల్లా వాటి పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం. అయినా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ ఏనాడూ నలగలేదు. ఊరు ఆయనను ఇంకా పెద్ద టైలరనే అనుకునేది. ఆయన అనుకోనిచ్చాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలంలో అమ్మకు ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది. మెదక్ దవాఖానా వాళ్లు హైదరాబాదుకు పంపారు. గుండెలో కవాటం బిగుసుకుపోయింది, మార్చాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదు అన్నారు అక్కడి డాక్టర్లు. నేను అప్పుడు ప్రైవేటు బడిలో పంతులమ్మను. దారి వెతికే పని నామీద వేసుకున్నాను. ముందు ఇన్సూరెన్సు ఏజెంటును అడిగాను. పాలసీ ఇప్పుడు తీసుకోవచ్చు గానీ, ముందే ఉన్న జబ్బుకు ఏళ్ల తరబడి పైసా రాదని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. ఇల్లు కాలాక నీళ్లు అడుగుతున్నానని నాకూ అర్థమైంది.

చివరికి హైదరాబాదు ఆసుపత్రిలో సర్కారు పథకం కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి విడమరిచి చెప్పింది. తెల్ల కార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం, వార్డులో తిండి ఉచితం, ఇంటికి పోయాక కొన్నాళ్లు మందులు కూడా ఇస్తారు. నేను మా గులాబీ కార్డు చూపించాను. ఆమె దాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చింది. మీ సంపాదన నిజంగా అంతేనైతే మండలాఫీసులో కార్డు మార్చమని అడగండి, ఇంటికి వచ్చి చూసి రాస్తారు అంది.

అడిగాం. ఆఫీసరు చూడటానికి వచ్చే రోజు తెలిసింది. ఇక చూడండి మావాళ్ల సంబరం. ఇంటికి మనిషి వస్తుంటే ఉత్త చాప పరిచి ఊరుకోవడం మాకు చేతనైతే కదా. అమ్మ ఆయాసపడుతూనే గచ్చు అద్దంలా కడిగింది. పక్కింటి నుంచి మెత్తని కుర్చీలు వచ్చాయి, వాటి వెనకే టేబుల్ ఫ్యాను వచ్చింది. నేను తక్కువదాన్నా, బేకరీకి పోయి జీడిపప్పు బిస్కెట్లు తెచ్చాను. నాయన పెళ్లికి పోయేవాడిలా తయారయ్యాడు. లేదని చెప్పుకోవడానికి పిలిచిన మనిషికి మేము ఉన్నదంతా, లేనిదంతా చూపించాం. ఆయన మెత్తగా కూర్చుని చాయ్ తాగి, దుకాణం ఎలా నడుస్తుందని అడిగాడు. నాయన నవ్వుతూ, మీ దయవల్ల మంచిగనే నడుస్తుందన్నాడు. నాకు అక్కడే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అర్హత లేదని రాసిపంపారు. నేను కోపం పట్టలేక ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. మళ్లీ అడుగుదామంటే ఈలోగా ఉద్యోగుల సమ్మె మొదలై ఆఫీసుకు తాళం పడింది. ఆఫీసు ముందు టెంటు వేశారు. రోజుకు కొందరు మెడలో దండలు వేసుకుని దీక్షలో కూర్చునేవాళ్లు. అమ్మ పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోంది.

ఒక పొద్దున నాయన చొక్కా వేసుకుని టెంటు దగ్గరికి బయలుదేరాడు. నేను మాట్లాడతానంటే వద్దన్నాడు. వెనకే వెళ్లాను. ఆ రోజు దీక్షలో మా ఇంటికి వచ్చిన ఆఫీసరే ఉన్నాడు. చుట్టూ టీచర్లు, దుకాణదారులు, సగం మంది నాయన టేపుకు కొలతలిచ్చినవాళ్లే. పెద్ద టైలరు తెలంగాణ గురించి నాలుగు మాటలు చెబుతాడనుకుని ఎవరో ఆయన చేతికి మైకు ఇచ్చారు. ఆయన దాన్ని పక్కన పెట్టలేదు. ఆఫీసరు వైపు తిరిగాడు.

"సార్, మొన్న మీరు కూసున్న కుర్సీలు మాయి గావు. ఫ్యాను గూడ పక్కింటోళ్లదే. దుకాన్ నడుస్తలేదు. నా భార్యకు ఆపరేషన్ చేయించే తాకత్ నాకు లేదు."

కొందరు తల దించుకున్నారు, ఎందుకో మరి. నాయన మాత్రం దించలేదు. ఆ టెంటులో ఎన్ని ఉపన్యాసాలు విన్నానో గానీ, అంత బరువైన మాట ఇంకెవరూ మాట్లాడలేదు. మా నాయన గురించి గొప్పలు చెబుతున్నానంటారేమో. చెబుతాను.

ఆఫీసరు మెడలో దండతోనే లేచి వచ్చాడు. "సమ్మె ఖతం అయిన్నాడు మొట్టమొదలు మీ ఇంటికే వస్త. కుర్సీలు మాత్రం తేకుండ్రి," అన్నాడు.

సమ్మె ముగిసేదాకా నేను రోజూ అమ్మ శ్వాస వింటూ బతికాను. ఆఫీసరు మాట తప్పలేదు. వచ్చి చాప మీద కూర్చున్నాడు, చాయ్ కూడా అడగలేదు. తెల్ల కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది. టెంటు దగ్గర జరిగింది అమ్మకు చెప్పవద్దని నాయన నాతో ఒట్టు వేయించుకున్నాడు, ఆమె చిన్నబుచ్చుకుంటుందని.

వార్డులో అమ్మ తేరుకుని మాట్లాడగలిగాక, పక్క మంచం ఆమె నాయనను చూపించి మీ ఆయన ఏం చేస్తడని అడిగింది. టైలరని చెబుతుందనుకున్నాను. టెంటు మైకు గొట్టాలు మా గల్లీ మలుపులో కూడా కట్టారన్న సంగతి నాకు గానీ నాయనకు గానీ అంతవరకు తట్టనే లేదు.

"పెండ్లయినప్పటి సంది ఎవ్వరి ముందట లేదు అన్న మనిషి గాడు," అంది అమ్మ. "నా పానం కోసం మైకుల అన్నడు. వాకిట్ల కూసోని ఇన్న. గప్పుడే అనుకున్న, ఇగ నేను చావనని."