ఏ పద్దు కింద రాయాలి

మా మేడం పోయారు. ఫోన్ చేసింది వాళ్ళ కోడలు. "సార్, అత్తమ్మ పోయింది. సాయంత్రం ప్రార్థన చేసి తీసుకపోతం, జల్దీ రండి" అని చెప్పి పెట్టేసింది. నేనప్పుడు బోనకల్ స్టేషన్ దగ్గర ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి, సరుకు ఎంతకు తెస్తావు, ఎంతకు అమ్ముతావు అని కొట్టాయన్ను అడుగుతున్నాను. ఆయన చచ్చినా చెప్పనంటున్నాడు. ట్యాబ్ మూసి సంచిలో పెట్టుకుని, బండి తీసి అశ్వారావుపేట దారి పట్టాను.

అక్కడ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నప్పుడు, కొత్తగా వచ్చిన పాస్టరు గారు పక్కాయన్ని అడిగారు, అమ్మగారు ఏం ఉద్యోగం చేసేవారని. "గవర్నమెంట్ ఆఫీసుల ఏదో రాసేదండి" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. కానీ నన్నడిగినా ఒక్క ముక్కలో ఏం చెప్పగలను? ఆ చెప్పలేనిదే ఇక్కడ రాస్తున్నాను.

దేశ ఆదాయం ఇంత శాతం పెరిగిందనో తగ్గిందనో టీవీలో చెబుతుంటారు. ఆ శాతం ఆకాశం నుంచి ఊడిపడదు. పెద్ద కంపెనీలు తమ లెక్కలు తామే దాఖలు చేస్తాయి. సర్కారు పెట్టే ఖర్చు సర్కారు కాగితాల్లోనే ఉంటుంది. మరి ముదిగొండలో మిర్చి బజ్జీల బండి? భద్రాచలం పక్క అడవి ఊళ్ళో వెదురు తట్టలల్లే ఇల్లు? వాళ్ళు ఎవరికీ ఏ లెక్కా పంపరు. అందుకని చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్ళను, కొన్ని కొట్లను ఎంచుకుంటారు. మనిషి వెళ్ళి అడిగి రావాలి. అడిగి తెచ్చింది ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చాలి. సాగు ఒక పద్దు, అడవి సరుకు ఇంకో పద్దు, తయారీ మరొకటి, రవాణా, వ్యాపారం, వైద్యం, ఇలా ఒక్కోదాని కింద మళ్ళీ బోలెడు పిల్ల పద్దులు. ఖమ్మం ఆఫీసులో మా అందరి చేతా ఆ పని చేయించిన సూపర్వైజరు మా మేడం.

నేను చేరిన కొత్తలో నన్ను అశ్వారావుపేట పామాయిల్ మిల్లు గేటు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టారు. గెలలు నింపుకున్న ట్రాక్టర్లు వరసగా లోపలికి పోతున్నాయి.

"రైతు గెలలమ్మిండు. మిల్లు నూనె అమ్మింది. మొత్తం దేశానికి ఏమొచ్చింది?"

"రెండూ కలపాలి మేడం."

"కలుపు. గెల రెండుసార్లు కాసిందా మరి?"

మిల్లు గెలలకు ఇచ్చిన డబ్బు తీసెయ్, కరెంటుకు, డబ్బాలకు ఇచ్చింది తీసెయ్, మిగిలిందే మిల్లు సొంతంగా చేసినది అని చెప్పారు. అంతటితో ఊరుకోలేదు. రోడ్డవతల హోటల్లో టిఫిన్ దగ్గర కూడా అదే పాఠం. ప్లేటులో వడను చూపిస్తూ, "ఇందుల మినుములు రైతువి, నూనె మిల్లుది, గ్యాసు ఇంకోడిది. ఈయన చేసిందేంది?" అని గట్టిగా అడుగుతుంటే, హోటలాయన ఎవరో తనిఖీకి వచ్చారనుకుని హడలిపోయి ఇంకో గిన్నె చట్నీ తెచ్చిపెట్టాడు. "తీసెయ్యడం నేర్చుకో. కలపడం అందరికీ వస్తది" అన్నారు మేడం, ఆ చట్నీ నా వైపు జరుపుతూ. నాకు ఉద్యోగం అర్థమైంది అక్కడే.

ఆమెకు అసలు గిట్టని మాట "ఇతరములు". పద్దు తోచనప్పుడు మా బోటివాళ్ళం అందులోకి తోసేసేవాళ్ళం. ఒకసారి ఒకతను తగిలాడు. సొంత మోటారు సైకిల్ మీద కూలీలను తోటలకు చేరవేస్తాడు, గెలలు కోసే పొడవాటి గడలు కిరాయికిస్తాడు, సీజన్లో తనూ కోతకు పోతాడు. నేను చక్కగా ఇతరములు అని రాసిచ్చాను. "ఇతరములు అని రాసినవంటే నువ్వు అడగలే అని అర్థం" అని వెనక్కి పంపారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ పంపారు. మూడోసారి గుమ్మంలో నన్ను చూసి అతను, "ఏంది సారూ, పిల్లనిస్తవా ఏంది, ఇన్నిసార్లు తిరుగుతున్నవ్?" అన్నాడు. చివరికి అతని రాబడి ఎక్కువగా దేనివల్లనో అడిగితే తేలింది, గడల కిరాయే. దానికి తగిన పద్దు ఉండనే ఉంది. నేనే పుస్తకం తిరగేయలేదు.

ఏ ఇంటికి వెళ్ళినా, వద్దంటున్నా మేడం చెప్పులు బయట విడిచేవారు. అడగడం పూర్తయ్యేదాకా చాయ్ ముట్టేవారు కాదు. ముందే తాగితే వాళ్ళు మనకు నచ్చింది చెబుతారు, మనం వాళ్ళకు నచ్చింది రాస్తాం అనేవారు. ఎండలో తిరిగి తిరిగి నాలుక పిడచకట్టుకుపోయినా అదే పట్టు. ఆమెతో ఫీల్డుకు వెళ్ళడమంటే నాకు ఏడుపొచ్చేది.

భద్రాచలం అవతల అడవి ఊరిలో ఒకామె దగ్గర నేను "ఇంటి పని" అని రాయబోతే మేడం ఆపారు. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు వాళ్ళ భాషను మాకు తెలుగు చేసి చెబుతోంది. ఆ ఇంటామె కట్టెలు తెస్తుంది, ఇప్పపువ్వు ఏరుతుంది, ఇంట్లోకే. అమ్మదు.

"ఇంట్లో వాడుకోను ఏరినా గది ఉత్పత్తే. అడవి సరుకు పద్దు కింద రాయి" అన్నారు మేడం.

"వండడం?"

"గది రాదు."

"అడవిలో ఏరితే లెక్క, పొయ్యి మీద వండితే లెక్క కాదా మేడం? ఇదేం న్యాయం?"

టీచరు ఈ ముక్క కూడా ఆమెకు చెప్పింది. ఆమె నవ్వాపుకోలేక ఏదో అంది. వండకుండా పచ్చిదే తింటారా మీ ఆఫీసోళ్ళు, అందట.

"నేను గూడ అదే అడిగిన, జవాబు రాలే" అని ఆమెకు చెప్పమన్నారు మేడం. తిరుగు ప్రయాణంలో జీపులో నాకు విడమరిచి చెప్పారు. ఇంట్లో వండి పెట్టడం, పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకోవడం కూడా కలిపేస్తే దేశంలో పనిలేని మనిషే కనబడడు. "అప్పుడు పని దొరకలే అని మొత్తుకునేటోడి మొహం ఎవరు చూస్తరు? గందుకే ఆడ గీత గీసిండ్రు. గీత మనది కాదు. ఎక్కడుందో మాత్రం మనకు తెల్వాలె." నాకది సగమే నచ్చింది. ఇప్పటికీ సగమే.

రిటైరయ్యాక మేడం కొడుకు దగ్గరికి అశ్వారావుపేట వచ్చేశారు. అతనిది మిల్లులోనే ఉద్యోగం. కోడలు ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. ఏడాది తిరక్కుండానే మేడానికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. కోడలు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయింది. అది మేడానికి అస్సలు మింగుడు పడలేదు. నేను చూడబోయిన రోజున నా ముందే కోడల్ని నిలదీశారు.

"దవాఖానల పేషెంటుకు స్నానం చేయిస్తే దేశం లెక్కల పడ్తది. ఈడ నాకు చేయిస్తే యాడ పడ్తది? ఎందుకు మానుకున్నవ్?"

"ఆడ నేను గాకపోతే ఇంకొకరు చేస్తరు అత్తమ్మా. ఈడ ఎవరున్నరు?"

మేడం మొహం గోడ వైపు తిప్పుకున్నారు. నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చిన కోడలు, "కోపం తగ్గుతలే సార్. నెలలైతుంది. మంచిగ చేస్తున్ననో లేదో కూడ చెప్పది. ఒక్క మాటంటే సాలు నాకు" అంది. అలవాటవుతుందిలెండమ్మా అని ఏదో అనేసి బండెక్కాను.

పోయిన ఎండాకాలం సర్వేకి ఎంపికైన ఇళ్ళలో వాళ్ళ ఇల్లూ వచ్చింది. ఈ సర్వే వేరు. నిన్న తెల్లవారుజాము నుంచి ఈ రోజు తెల్లవారుజాము దాకా ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నారో అరగంట చొప్పున అడుగుతారు. ఇంటి పని, సేవ, అన్నీ ఇందులో రాసుకుంటారు. దేశ ఆదాయంలో మాత్రం కలపరు, విడిగా పక్కన ఉంచుతారు. ఈ సంగతి మేడానికి నాకంటే బాగా తెలుసు.

కొడుకు తన రోజు చెప్పేసి డ్యూటీకి వెళ్ళాడు. తర్వాత కోడల్ని పిలిచాను. గిన్నెలు తోముతున్నదల్లా లేచొచ్చి, సబ్బు చేతులతోనే గుమ్మంలో నిలబడింది.

"ఏముంది సార్, ఇంట్లనే ఉన్న. వంట, గిన్నెలు, బట్టలు. రాసుకోండి."

"గట్ల కాదు" అని మంచం మీంచి వినబడింది.

"మేడం, ఆవిడ రోజు ఆవిడే చెప్పాలి" అన్నాను, ఆమె నేర్పిన ముక్క ఆమెకే అప్పజెబుతూ.

"చెప్పనీ. తప్పు చెప్తున్నది."

ఇక మొదలుపెట్టారు. ఒక్కో మాటకు ఆగి, ఊపిరి తీసుకుని, నోటి పక్క నుంచి కారే చొంగ ఎడమచేత్తో తుడుచుకుంటూ. వెలుగు రాకముందే లేచి నన్ను పక్కకు తిప్పింది. వీపు చూసింది, పుండ్లు పడ్డయా అని. గుడ్డలు మార్చింది. జావ తాగించింది, నేను ఉమ్మేసిన. మళ్ళ కాచింది. చెయ్యి పట్టి ముందుకు ఎనుకకు ఆడించింది, నొప్పికి నేను తిట్టిన. మీ అమ్మ నీకు గిదే నేర్పిందా అన్న.

నా వేలు ట్యాబ్ మీద ఒక్కో గడి నింపుతూ పోతోంది. కోడలు తల దించుకుంది.

"తిట్టినంక బాత్రూంలకు పోయింది. నల్లా ఇప్పింది. బకెట్ల నీళ్ళు పట్టలే, ఊకె ఇప్పి పెట్టింది. చానాసేపు. ఏడుస్తె నాకు ఇనపడొద్దని."

వేలు ఆగిపోయింది. ఆ అరగంట ఏ పద్దు కింద రాయాలో నాకు తోచలేదు. మేడం వైపు చూశాను.

"గది రాయకు" అన్నారు. "నాకు ఇనపడ్డదని ఆమెకు తెల్వాలె. గందుకే చెప్పిన."

నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

"ఇంకా మాపటిదున్నది. రాయి" అన్నారు మేడం.

కోడలు గుమ్మం వదిలి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. మేడం మధ్యాహ్నం చెప్పారు, సాయంత్రం చెప్పారు, రాత్రి తనకు దగ్గొచ్చినప్పుడు లేచి కూర్చోబెట్టి వీపు నిమరడం చెప్పారు. నా రోజు నేనే చెబుతానని కోడలు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తన రోజంతా ఎవరికో జరిగినట్టు వింటూ కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద సబ్బు నురగ ఆరిపోయి తెల్లగా చారలు కట్టింది. వాటిని తుడుచుకోను కూడా లేదు.