బావ ఉలి వాలు

బావ చెయ్యి వణుకుతోందన్న సంగతి నాకు బావ చెప్పలేదు, అక్క చెప్పలేదు, ఉలి చెప్పింది. ఒకరోజు పొద్దున టేకు చెక్క మీద పువ్వు రేకు చెక్కుతుంటే ఆయన ఉలి అంచు మీద నా కన్ను పడింది. ఎప్పుడూ దారం లాగినట్టు తిన్నగా ఉండే అంచు ఆ రోజు ఎగుడుదిగుడుగా ఉంది. సాన మీద పెట్టినప్పుడు చెయ్యి నిలవకపోతే తప్ప అలా కాదు. నేను చూశానని ఆయన చూశాడు. ఉలిని మోకాలి కిందికి జరిపి, "ఏంది బామ్మర్ది, ఉలిని పెండ్లిపిల్లను జూసినట్టు జూస్తున్నవ్?" అన్నాడు. నవ్వాను. నవ్వకపోతే అడగాల్సి వచ్చేది.

ఆయన మా అక్క భర్త. జనగామలో ఆయనకు చిన్న వడ్రంగి కార్ఖానా ఉండేది. మానుకోటలో పరీక్ష తప్పి ఇంట్లో తిట్లు తింటున్న నన్ను అక్క తన వెంట తెచ్చుకుని ఆ కార్ఖానాలో పడేసింది. "పెండ్లిల మంచం, బీరువతోని పాటు గీ మొద్దును గూడ పంపిండ్రు" అని బావ వచ్చినవాళ్లందరికీ నన్ను పరిచయం చేసేవాడు. ఆ మొద్దును చెక్కింది కూడా ఆయనే. నాకు వచ్చిన పని అంతా ఆ చేతి నుంచి వచ్చిందే. 

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. చిత్రిక పట్టే రంద అడిగితే ఇస్తాం, రంపం ఇస్తాం, సుత్తి అడక్కుండానే తీసుకుంటాం. ఉలి మాత్రం ఎవరిది వాళ్లే సానబట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే చేతిలో అరిగి ఒక్కో ఉలికి ఒక్కో వాలు వస్తుంది. ఇంకో చెయ్యి పడితే ఆ వాలు చెడుతుంది. పెద్దమేస్త్రి తన ఉలిని సానబట్టమని ఇంకొకరి చేతికి ఇచ్చాడంటే ఇక పని చాలించాడని అర్థం. బావ వాళ్ల నాయిన అలాగే ఇచ్చాడట. మర్నాటి నుంచి కార్ఖానా బయట అరుగు మీదే కూర్చున్నాడట. కాబట్టి 'ఇటియ్యి బావా, నేను సాన పడతా' అని నేను అనడానికి లేదు.

సరిగ్గా అప్పుడే ఒక ఇంటి వాకిలికి దర్వాజ చెక్కే పని వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన పాలకుర్తి దగ్గర సొంతూళ్లో ఇల్లు కడుతున్నాడు. "మా బాపు ఇంటి దర్వాజ నీ చేతిమీదనే లేసింది అన్నా. గిది గూడ నీ చెయ్యే పడాలె" అన్నాడు. దసరా పోయాక దర్వాజ ఎత్తే ముహూర్తం. గడప మీద, నిలువు కమ్మీల మీద పువ్వులు, లతలు. అంత సన్న పనికి ఉలి అంచు వెంట్రుక తెగేలా ఉండాలి. బావ ఒప్పుకున్నాడు. ఆ ఇంటాయన పోయాక మాత్రం తన చేతిని తానే చాలాసేపు చూసుకున్నాడు.

మా గ్రైండరుకున్న రాయి అరిగి పలకలు పలకలుగా అయింది. కొత్త రాయి వేస్తే పదును కుదురుతుందేమోనని ఇద్దరం ఇనుప సామాన్ల దుకాణానికి పోయాం. దుకాణం చాచా రెండు రాళ్లు ముందు పెట్టాడు. ఒకటి బూడిద రంగు, ఒకటి తెలుపు. "ఉలికైతే తెల్లది తీస్కో బేటా, ఠండా ఉంటది" అన్నాడు. బావ తెల్లరాయిని గోటితో గీకాడు. చాక్‌పీసులా పొడి రాలింది. బూడిద రాయి మీద గీత కూడా పడలేదు.

"గిది మా మనవల దాక ఉంటది" అని బావ బూడిద రాయినే సంకన పెట్టుకున్నాడు. నేనూ తల ఊపాను. పొద్దున లేస్తే టేకు, నల్లమద్ది మధ్య బతికే వాళ్లం. గట్టిదైతే మంచిది, అరిగేదైతే తక్కువది, మాకు తెలిసిన లెక్క అంతే. చాచా ఏదో చెప్పబోయాడు గానీ మేం చెప్పనివ్వలేదు, విన్నదీ లేదు. ఊతంగా ఒక ఇనుప జిగ్ కూడా చూపించాడు. ఉలిని ఒకే వాలులో పట్టి ఉంచే బిగింపు అది. బావ దాన్ని తాకనైనా తాకలేదు.

ఆ రాయి మా కొంప ముంచింది. రాయి గట్టిదే, ఉక్కును మాత్రం కొరకదు, రుద్దుతుంది. కొరకట్లేదని బావ ఇంకా నొక్కేవాడు, నొక్కిన కొద్దీ చెయ్యి వణికేది. చూస్తుండగానే ఉలి అంచు మీద నీలం రంగు తేలింది. నీలం తేలితే ఉక్కులో చేవ పోయినట్టే. దాంతో గడప మీద మొదటి రేకు చెక్కబోతే అంచు మడత పడింది. మళ్లీ పట్టాడు, మళ్లీ నీలం. ఇంకో ఉలి తీశాడు, అదీ అంతే.

బావ గ్రైండరు ఆపి రెండు ఉలులనూ పక్కన పెట్టాడు. ఆ తర్వాత, "చెయ్యి పాడైంది బామ్మర్ది. నీకు ఎర్కనే గదా. గా దర్వాజ ఆయనకు ఫోన్ జెయ్. ఇంకో మేస్త్రిని సూస్కొమ్మను" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని చౌరస్తాలో తెలంగాణ కోసం వేసిన దీక్షా టెంటుకు పోయి కూర్చున్నాడు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియక బక్కెట్టును తన్నాను, కాలి వేలు వాచింది. అక్క మజ్జిగ గిన్నెతో వచ్చి సంగతి విని నా మీదే లేచింది: "ఫోన్ జేసినవా? చెయ్యకు. మీ బావను పనిలేకుంట ఇంట్ల కూసోవెట్టుడంటే పానం తీసుడే. ఏదన్న జెయ్ తమ్మీ, నీకు గింత పని నేర్పింది ఎందుకు?"

నేను ఫోన్ చేయలేదు. ఈలోగా తెలంగాణ కోసం అందరూ పనులు ఆపేసే సమ్మె మొదలైంది. బళ్లు లేవు, బస్సులు లేవు, బొగ్గుబాయిలు బందు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. కరెంటు వస్తే చుట్టం వచ్చినట్టు ఉండేది. టెంటులో బావ అందరితో కలిసి జై కొట్టేవాడట గానీ, పిడికిలి మాత్రం పైకెత్తేవాడు కాదట. ఆ మాట చెప్పినవాడికి కారణం తెలియదు, నాకు తెలుసు.

నీలం తేలిన ఉలిని గుడ్డలో చుట్టుకుని చాచా దగ్గరికి పోయాను. బందు వల్ల దుకాణం సగం తలుపే తీసి ఉంది. ఆయన అంచును వెలుతురుకు తిప్పి చూశాడు.

"గలతీ చెయ్యిది గాదు బేటా, రాయిది" అన్నాడు. "చెయ్యి వణికితే అంచు వంకరైతది. నీలం ఎందుకైతది? గట్టి రాయి మొద్దువారిన పన్నుతోనే రుద్దుతది, ఉక్కు కాలుతది. తెల్లది పొడి రాలుతనే ఉంటది, ఎప్పటికప్పుడు కొత్త పన్ను బయటికొస్తది. సబ్బు అరగకుంట మురికి పోతదా?"

గలతీ చెయ్యిది కాదు! ఆ ముక్క విని చాచా గడ్డాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కరెంటు లేదు కదా, ఏం చేద్దామంటే ఆయన అటక మీది నుంచి తన తండ్రి కాలం నాటి సాన దింపాడు. పిడి పట్టి చేత్తో తిప్పేది. దానికి తెల్లరాయి బిగించి ఇచ్చాడు. "మెల్లగ తిరుగుతది, అసలే కాలది" అన్నాడు.

ఇక మిగిలింది వణుకు. దుకాణంలోని ఇనుప జిగ్ పనికిరాదు. దాని వాలు నిటారు, మామూలు పనుల వాళ్లది. బావ ఉలి బాగా వాలి ఉంటుంది, పువ్వుల పనికి అలా కావాలి. ఆయన టెంటులో ఉండగా చేవ పోని పాత ఉలి ఒకటి తీసి, దాని వాలును టేకు దిమ్మె మీద గీసుకుని, అలాగే కోశాను. ఉలి పడుకునేందుకు గాడి, కదలకుండా ఒక చీల. రాయి ముందు పెడితే దిమ్మె అటూ ఇటూ జరుగుతుంది గానీ పైకీ కిందికీ ఊగదు. నాకు చేతనైన జిగ్ అది. ఉలిని మాత్రం సాన మీద పెట్టలేదు. అది నా పని కాదు.

బావ వచ్చి చూసి మొహం చిట్లించాడు. "నాకు చేతికర్ర జేసినవా?"

"నీ ఉలి వాలే బావా. కొత్తది ఏం బెట్టలె. నీలం గూడ నీ చెయ్యి తప్పు గాదట, రాయి తప్పట. చాచా జెప్పిండు."

బావ వేలితో దిమ్మె వాలును తడిమాడు. ముందు ఇటు నుంచి, తర్వాత అటు నుంచి.

"ఎవరు దిప్పుతరు?" అన్నాడు.

అక్క కొంగు బొడ్లో దోపుకుని పిడి దగ్గర కూర్చుంది. "నేను దిప్పుత. పదును బెట్టేది నువ్వేనాయె. ఇంక దేనికయ్యా గంత మొహం?"

అక్క తిప్పింది, బావ ఉలిని దిమ్మెలో పెట్టి జరిపాడు. చెయ్యి వణికింది. వణుకు దిమ్మె దాకా వచ్చి అక్కడే ఆగింది. తెల్లపొడి ఆయన మోకాళ్ల మీద రాలింది. నీలం రాలేదు. కాసేపటికి ఉలి తీసి, ముంజేతి మీద అంచును ఆనించి జరిపితే వెంట్రుకలు నున్నగా తెగాయి. బావ అక్క వైపు చూడకుండా, నా వైపు చూడకుండా, "ఛాయ్ పెట్టరాదుండ్రి" అన్నాడు. ఆ గొంతు వింటే ఆయన మళ్లీ పనిలో పడ్డాడని ఇద్దరికీ అర్థమైంది.

దర్వాజ అనుకున్న ముహూర్తానికే లేచింది. గడపకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, ఇంటాయన కొత్త బట్టలు పెడితే బావ వాటిలోని తువ్వాలను అక్కడే తలకు చుట్టుకున్నాడు. చెక్కేటప్పుడు ఆయన చెయ్యి అంతగా వణికేది కాదు, చెక్క ఆసరా ఉంటుంది కదా. ఆ లతల్లో వణుకు ఎక్కడుందో ఇవాళ్టికీ నాకే దొరకలేదు.

ఆ తర్వాత కూడా చాలా పనులు చేశాడు. వణుకు మాత్రం ఊరుకోలేదు. భుజం దాకా పాకింది. దవాఖానల మందులు ఏవీ నిలవలేదు. చివరికి దిమ్మె కూడా చాలకుండా పోయింది.

తెలంగాణ వచ్చిన తెల్లారి జనగామ అంతా రోడ్డు మీదే ఉంది. డప్పులు, రంగులు, మిఠాయిలు. నా మొహమంతా గులాలే. బావను ఊరేగింపుకు తీసుకుపోదామని కార్ఖానాకు వస్తే ఆయన సాన దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తన సన్న ఉలి తీసి చేతిలో పెట్టాడు.

"సాన పట్టు."

"ఒద్దు బావా. ఇయ్యాల ఒద్దు" అన్నాను. గులాల్ మీద కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. వాళ్ల నాయినలా ఆయనా అరుగు మీదికి పోయి కూర్చుంటాడనే నా భయమంతా.

బావ అరుగు వైపు పోలేదు. అక్క కూర్చునే చోట, పిడి దగ్గర చతికిలబడ్డాడు. వణికే చేతిని పిడి మీద వేశాడు. పిడి తిరగడం మొదలయ్యాక ఆ వణుకు అందులోనే కలిసిపోయింది.

"ఏడుస్తవేంది మొద్దూ? దిమ్మె నా వాలుదే. తిప్పేటోణ్ణి నేనే. ఉలి ఆనియ్యి" అన్నాడు.