చీమలు లేని పచ్చిక

మామిడి మొదట్లో ఇర్మె ఎప్పటిలాగే చెప్పులు విడిచింది. ఎప్పటిలాగే చెట్టుకు అరచెయ్యి ఆనించింది. చేతి మీదికి ఒక్క చీమా రాలేదు.

పని మొదలుపెట్టే ముందు అలా చెయ్యి ఆనించడం ఆమె అలవాటు. ఎర్రచీమలు బెరడు మీది నుంచి వేళ్ళ మీదికి పాకుతాయి. ఒకటో రెండో కుడతాయి. చెట్టు బాగుంది, తోట బాగుంది అనుకుని చెయ్యి దులుపుకుంటుంది. కలుపు తీసే ఖుర్పీ తీసుకుని గడ్డిలో కూర్చుంటుంది.

ఇవాళ చెయ్యి అలాగే ఉంచి చూసింది. బెరడు తడిసి ఆరినట్టు మరకలుగా ఉంది. దగ్గరగా వంగి వాసన చూసింది. వెంటనే ముఖం వెనక్కి తీసుకుంది.

ఆ వాసన ఆమెకు తెలుసు.

కిందికి చూసింది. గడ్డిలో చీమలు రాలి ఉన్నాయి, కాళ్ళు ముడుచుకుని, ఎర్రటి తవుడు చల్లినట్టు. పైకి చూసింది. రోడ్డు వైపు కొమ్మకు ఆకులు కుట్టుకుని కట్టుకున్న గూడు ఉండాలి. కొమ్మ ఉంది. గూడు లేదు. దోటితో కోసిన గాటు ఉంది. గాటు నుంచి సొన కారి ఎండింది. అది నిన్నటిదో మొన్నటిదో సొన చెప్పదు.

ఆ గూడు కోసుకొమ్మని ఊర్మిలతో చెప్పింది తనే.

మొన్న చీకటితోనే ఇర్మె భేజ్జి బస్సెక్కింది. చనిపోయిన చెల్లెలి కర్మకు. అప్పటికే కూతురు ఊర్మిల ఒళ్ళు కాలిపోతోంది. జ్వరానికి చాపడా తినాలి. ఎర్రచీమలను ఉప్పూ మిరపకాయా వేసి నూరి తింటే జ్వరం విడుస్తుంది. అది వాళ్ళ ఊళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. "బజార్ల కొనకు. అవి ఏ చెట్టుయో ఏమో. మన చెట్టు గూడు కోసుకో, దానికి ఏ మందూ తగల్లే" అని చెప్పి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా ఆ తోటకు మందు తగలనివ్వలేదు. అందుకే ఆ మాట అంత నిబ్బరంగా అనగలిగింది.

ఫోను తీసి కూతురికి చేసింది. మోగింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

బచేలి టౌన్‌షిప్‌లో అది చక్రధరరావు క్వార్టరు. ఆయన ఇనుప గనిలో ఫోర్‌మన్. ఇంటి ముందు పచ్చిక ఆయన భార్య అప్పలనరసమ్మది, అంటే పెంచింది ఇర్మె. ఎర్రమట్టి, కొండ మీది నుంచి దిగే ఎర్రదుమ్ము. గరిక కూడా మొండికేసిన నేల అది. ఇర్మె ఆ నేలకు పేడనీళ్ళు తాగించింది. రాలిన ఆకులన్నీ గుంటలో వేసి, కుళ్ళబెట్టి, జల్లించి పైన చల్లింది. కలుపు ఒక్కొక్క వేరూ చేత్తో తీసింది. గడ్డి వేళ్ళు కొరికే తెల్ల పురుగు వచ్చిన వానాకాలం ఇప్పగింజల చెక్క నానబెట్టి ఆ నీళ్ళు పోసింది. పురుగు పైకి వచ్చింది, గోరింకలు ఏరుకు తిన్నాయి. మామిడికి తేనెమంచు పురుగు పట్టినప్పుడు అడవి నుంచి చీమల గూడు ఆకుల్లో చుట్టి తెచ్చి కొమ్మకు కట్టింది. అప్పలనరసమ్మ మొదట భయపడింది. పూత నిలిచాక ఏమీ అనలేదు.

పక్క క్వార్టర్ల వాళ్ళు మందు డబ్బాలు తెచ్చి కొట్టుకునేవారు. వాళ్ళ గడ్డి పచ్చగా ఉండేది. వాళ్ళ గేటు ముందు నుంచి పోవలసి వస్తే ఇర్మె రోడ్డుకు అవతల నడిచేది. దానికి ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవారు. ఆమె కారణం చెప్పేది కాదు.

కారణం బిజ్జా. ఆమె మగడు. ఊర్మిల ఇంకా చంకబిడ్డగా ఉన్నప్పుడు ముగ్గురూ రాష్ట్రం సరిహద్దు దాటి మిరప తోటలకు కూలికి వెళ్ళారు. ఆమె కాయ కోసేది. అతను వీపున పంపు తగిలించుకుని మందు కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం చాళ్ళ మధ్య కూర్చుండిపోయాడు. నోటి నుంచి సొంగ కారింది. చలికాలంలో ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజల్లా అయిపోయాయి. దవాఖానాలో డాక్టరు అడిగింది ఒక్కటే: ఏ మందు? సీసా తెచ్చారా? సీసాను మేస్త్రి వాగులో పారేశాడు. పేరు ఎవరికీ తెలియదు. డాక్టరు తనకు తోచింది చేశాడు. తెల్లారేసరికి బిజ్జా లేడు.

ఆ తరువాత ఇర్మెకు అన్నిటికన్నా ఎక్కువ భయం పెట్టింది మందు కాదు. లేని సీసా.

"వచ్చీసేవా ఇర్మె?" అప్పలనరసమ్మ గుమ్మంలోంచి పిలిచింది. "మీ చెల్లి పనులు అయిపోనాయా? ఏటలా చెట్టుని పట్టుకుని నిలబడిపోయేవు?"

"అమ్మా, చెట్టుకు మందు కొట్టిన్రా?"

"మందేటి? నాను చెప్పలేదే." ఆమె మెట్లు దిగి వచ్చింది. "భానుశ్రీ పుట్టినరోజని షామియానా ఏయించేం కదా. పిల్లల నెత్తిమీద చీమలు రాల్తాయేమో, కాస్త చూడవయ్యా అని బాబూరావుతో అన్నాను. చూడమన్నాను, అంతే." మాట ఆపి గడ్డి వైపు చూసింది. "కొట్టీసేడా?"

"కొట్టిండు."

"నిన్న సాయంత్రం పిల్లలందరూ ఈ గడ్డిలోనే పొర్లేరు."

 లోపలి నుంచి మనవరాలు భానుశ్రీ ఏదో పాట పాడుతోంది. అప్పలనరసమ్మ ఆ పాట ఆగిపోతుందేమో అన్నట్టు చెవి పెట్టి వింది.

"మా పిల్ల వచ్చిందా అమ్మా, గూడు కోసుకపోను?"

"వచ్చే ఉంటాది, నువ్వు చెప్పేవు కదా. నాను చూడలేదు. సామాన్లకని బజారంతా తిరిగేను." అని, ఒక్క క్షణం తరువాత, "ఎందుకలా అడుగుతున్నావు?" అంది. ఇర్మె ముఖం చూశాక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్ల పేరు పిలుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి పరుగెత్తాలి. సీసా వెతకాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఇర్మె కాళ్ళు గేటు వైపు తిరిగాయి. సీసా లేకుండా దవాఖానాకు పోతే ఏమవుతుందో ఆ కాళ్ళకు తెలుసు. మళ్ళీ ఇటు తిరిగాయి.

తోటపని సామాన్ల షెడ్డు సందు చివర. అక్కడ బాబూరావు తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తోటపని కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు తరఫున కూలీలను చూసే మనిషి, మద్దేడ్ ఊరివాడు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

"ఏందక్కా, సావింటికి పోయి ఇంకింత పీక్కపోయి వచ్చినవ్. నీ చీమలు సచ్చిపోయినయని దుఃఖమా? వాటికీ కర్మ జేత్తవా?"

"సీసా ఏది సాబ్?"

"ఏ సీసా?"

"చెట్టుకు కొట్టిన సీసా."

"ఓ, గదా. నువ్వు ఏండ్ల సంది పేడనీళ్ళు పోసుకుంట కూసున్నవ్. నేను ఒక్క పొద్దుల సాఫ్ జేసిన. షాబాష్ అనవా?"

"ఎప్పుడు కొట్టినవ్?"

"నిన్న పొద్దుగాల. మంచు ఆరంగనే."

"అప్పుడు రోడ్డు దిక్కు కొమ్మకు గూడు ఉన్నదా?"

బాబూరావు నవ్వాడు. "తలకాయ లేపి కొడితే కండ్లల్ల పడ్తది గదక్కా. తల దించుకుని కొట్టిన. కొమ్మ మీద గూడుందో, గూట్లె రాజుగారున్నరో, నాకేం ఎరుక?"

"ఆ గూడు మా ఊర్మిల కోసుకపోయింది. తినను."

అతను టీ గ్లాసు నేల మీద పెట్టాడు. జాగ్రత్తగానే పెట్టాడు, అయినా గ్లాసు ఒరిగిపోయింది.

"ఎప్పుడు కోసింది?"

"అదే ఎరుక లేదు."

"ఠేకేదారుకు నా పేరు చెప్పకక్కా. అమ్మగారు చెప్పింది, నేను జేసిన." అతను బక్కెట్టు మీంచి లేచాడు. తరువాత అన్నాడు, "ఆకుల గుంటల పారేసిన."

ఆకుల గుంట. క్వార్టరు వెనక, ఆమె నిండు ఏడాది కుళ్ళబెట్టిన ఆకు. ఇర్మె వెళ్ళి గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని చేతులు దింపింది. పైన తడి ఆకు, దాని కింద వెచ్చగా, నల్లగా మాగిన మట్టి. వానపాములు వేళ్ళకు చుట్టుకున్నాయి. ఒకచోట వానపాములు తగల్లేదు. అక్కడే సీసా దొరికింది. మూత లేదు. అడుగున కొంచెం మిగిలి ఉంది.

చీటీ మీది అక్షరాలు ఆమె చదవలేదు. ముక్కోణం చూసింది. మిరప తోటల్లో మేస్త్రి చెప్పేవాడు: ఎరుపు ముక్కోణం ఉంటే చెయ్యి పెట్టకండి, పసుపైతే ఏం కాదు. ఇది పసుపు. ఆ రోజు బిజ్జా కొట్టిన సీసా మీద ఏ రంగు ఉందో ఆమె చూడలేదు. పసుపే అయి ఉండొచ్చు.

సీసా నోట్లో ఆకు కుక్కి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, నడుము దగ్గర దోపుకుంది.

దారిలో పరుగెత్తలేదు. పరుగెత్తితే జరిగిపోయినట్టు ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. వేగంగా నడిచింది. రోడ్డు పక్క క్వార్టర్లలో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక ఇంట్లో రేడియో. ఎవరో నమస్తే అన్నారు. నడుము దగ్గర సీసా ప్రతి అడుగుకూ ఎముకకు తగిలింది. ఫోను మళ్ళీ చేసింది. మోగింది. ఆగిపోయింది. టౌన్‌షిప్ గోడ దాటాక వాలులో కూలీల గుడిసెలు. అక్కడ నేల ఎప్పుడూ ఎర్రగా తడిగానే ఉంటుంది. తమ గుడిసె వాకిట్లో మనుషులు గుమిగూడి లేరు. గుమిగూడి లేకపోవడం మంచిదేనా అని ఆలోచిస్తూ దిగింది.

పొరుగింటి సీత గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"వచ్చినవా వదినె? నీ బిడ్డ కుంభకర్ణునికి చెల్లెలు. ఫోన్ మొత్తుకుంటంది, లేవదు."

"తిన్నదా?"

"ఏంది?"

"చాపడా తిన్నదా సీతా?"

"తిన్నది. పొద్దున్న నేను గీడనే ఉన్న గదా, నూరింది. ఇంత అన్నంల కలుపుకుని తిన్నది, పండుకున్నది. నాకు జెర పెట్టవే అంటే మా అమ్మకు ఉంచాలె అన్నది, పిసినారి." చేట ఆపింది. "ఏమైంది వదినె?"

"గూడు ఎప్పుడు తెచ్చింది? మొన్ననా, నిన్ననా?"

"నేను రెండు దినాలూ పనికి పోయిన. చూడలే."

లోపల చీకటిగా ఉంది. ఊర్మిల చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఇర్మె నుదుటి మీద చెయ్యి వేసింది. చెమట. మెడ కింద, చేతుల మీద, జాకెట్టు తడిసేంత చెమట. చాపడా తింటే జ్వరం ఇలాగే చెమట పట్టి దిగుతుంది. బిజ్జాకూ ఇలాగే పట్టింది.

"ఊర్మీ. ఊర్మీ, బిడ్డా."

"ఊఁ."

"గూడు ఎప్పుడు కోసినవ్?"

"పొద్దుగాల."

"ఏ పొద్దుగాల?"

"పొద్దుగాలనే అమ్మా... పండుకోనియ్యి." మాట ముద్దగా వచ్చింది. నిద్ర మాటో, నాలుక మొద్దుబారిన మాటో. ఇర్మె కూతురి కంటిరెప్ప వేలితో పైకి ఎత్తింది. ఆ చీకట్లో కన్ను నల్లగా ఉంది, అంతే. పాప ఎంత ఉందో తెలియలేదు. ఊర్మిల విసుగ్గా ముఖం తిప్పుకుంది. పెదవి చివర తడి ఉంది. నిద్రపోయే పిల్లకు ఉండే తడే అది. అలా కాకపోవచ్చు కూడా.

"సీతా, ఆటోకు ఫోన్ జెయ్యి. దవాఖానాకు పోవాలె."

సీత చేట పక్కన పెట్టి రోడ్డెక్కింది. గుడిసెల్లో ఫోను మోగుతుంది గానీ మాట తెగిపోతుంది.

ఇర్మె కూతుర్ని లేపి కూర్చోబెట్టాలనుకుంది.  ముందు నీళ్ళు తాగిద్దామని కుండ వైపు తిరిగింది. వెలుతురు పడే మూల రోలు ఉంది, కడగలేదు. దాని పైన వెదురు దడికి ఒక పొట్లం వేలాడుతోంది. టేకు ఆకులు, నారతో కట్టినవి. మా అమ్మకు ఉంచాలె అన్నది.

పొట్లం కదలడం లేదు.

దింపింది. తేలికగా ఉంది. చెవికి ఆనించింది. తన గుండె చప్పుడే వినిపించింది. మందు తగిలిన గూడైతే ఈపాటికి లోపలంతా చెట్టు కింద చూసిన తవుడే. ఆ సంగతి కట్టు విప్పి చూస్తే తెలిసిపోతుంది. విప్పలేకపోయింది. చూడడం కంటే ముట్టుకోవడం సులువనిపించింది. కట్టు వదులు చేసి, కళ్ళు మూసుకుని, ఆకుల మధ్యకు అరచెయ్యి పోనిచ్చింది.

లోపల ఎండిన మామిడాకులు. చల్లగా ఉన్నాయి. పలచటి పట్టులాంటి గూటి అల్లిక వేళ్ళకు అంటుకుంది. ఇంకేమీ లేదు. ఇర్మె చెయ్యి తీయలేదు. వెనక కూతురు ఊపిరి తీస్తోంది. ఒక్కొక్క ఊపిరీ చివరిదాకా విన్నది. ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలయ్యేదాకా తను ఊపిరి తీయలేదు.

బొటనవేలి మొదట్లో ఏదో కదిలింది. ఆకు కావచ్చు.

తరువాత కుట్టింది.

ఇంకొకటి కుట్టింది. తరువాత లెక్కలేనన్ని, మణికట్టు దాకా పాకి, చర్మం పట్టుకుని వదలకుండా. నిప్పు మీద పెట్టినట్టు చెయ్యంతా మండింది. పైన రోడ్డు మీద ఆటో వచ్చి ఆగిన చప్పుడు, వదినె అని సీత కేక. ఇర్మె కదలలేదు. చెయ్యి అలాగే లోపల ఉంచి, కుట్టనిచ్చింది.