నాయన తోడు పోయిన గ్లైడర్

మా నాయన సుంకప్పకు ఒక పట్టు ఉండేది. ఆడపిల్ల ఊరు దాటితే ఇంటి మొగమనిషి వెంట ఉండి తీరాలి. నేను అనంతపురంలో పరీక్షలు రాస్తుంటే ఆయన గేటు బయట తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. కళ్యాణదుర్గం సంతలో గాజులు కొనుక్కోవాలన్నా ఆయనే ముందు నడిచేవాడు. మా మీద నమ్మకం లేక కాదు. చిన్నప్పుడు ఆయన చెల్లెలు తిరునాళ్లలో తప్పిపోయి, ఊరంతా వెతికితే దొరికిందంట. ఆ భయం ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన పోయి ఏడాది దాటింది. బస్సెక్కితే ఇప్పటికీ నా చూపు పక్క సీటు వైపు పోతుంది.

ఆ పట్టు ఒకసారి ఆకాశం దాకా పోయింది.

మా చెల్లెలు జయంతి కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి గ్లైడర్ నడపడం నేర్చుకుంది. ఇంజను లేని విమానం అది. తాడుతో పైకి లాగి వదిలితే, ఎండకు నేల మీద నుంచి లేచే వేడిగాలిని పట్టుకుని గద్ద మాదిరి చుట్లు తిరుగుతూ ఎక్కుతుంది. రెండువేల మూడు నాటికి వరస కరువులతో మా పక్క చెరువు ఎండి పలక మాదిరి అయింది. ఎయిర్‌ఫోర్సులో రిటైరైన సారొకరు అందులో చిన్న క్లబ్బు పెట్టారు. తాడు లాగే ఇంజను దగ్గర జిలాన్ బాషా ఉండేవాడు. అంతకుముందు బోర్లు వేసే లారీ నడిపినవాడు. "ఇన్నేండ్లు కిందికి తోడితే దుమ్మొచ్చె. ఇప్పుడు పైకి తోల్తాండా, ఏమొస్తాదో సూద్దాం" అనేవాడు.

సారు వెనక సీట్లో కూర్చున్నంత కాలం నాయన ఊరుకున్నాడు. చిక్కు రికార్డుతో వచ్చింది. మా ప్రాంతపు క్లబ్బుల సంఘంలో ఎత్తు రికార్డులు రెండు విభాగాలు. ఒకటి ఆడామొగా అందరిదీ, రెండోది ఆడవాళ్లకే. ఆడవాళ్ల రికార్డును జయంతి దాటగలదని సారు నమ్మకం. అయితే వెనక నడపడం వచ్చిన ఇంకొకరు ఉండకూడదు, తనే నడపాలి అన్నారు.

"ఒక్కతేనా? కుదరదు సారూ. నేను కూచ్చుంటా ఎనక" అన్నాడు నాయన.

నడిపేది ఆడపిల్ల అయితే చాలు కదా అని అందరమూ అనుకున్నాము.

సంఘం తరఫున రికార్డు సరిచూసే పరిశీలకుడు గంగాధరప్ప బెంగళూరు నుంచి వచ్చాడు. ఎత్తు గుర్తించే పెట్టెకు సీలు వేసి నీడకు పోయాడు. నాయన దుమ్ముకు భయపడి తలా మొహమూ తువ్వాలతో చుట్టుకుని ఎక్కాడు. గ్లైడర్ లేచింది, చుక్కయింది, చాలాసేపటికి దిగింది. పెట్టె తెరిచి చూస్తే పాత రికార్డు ఎప్పుడో దాటిపోయింది. సారు చప్పట్లు కొట్టారు. అప్పుడు నాయన తువ్వాల విప్పాడు.

గంగాధరప్ప మొహం మాడిపోయింది. "అయ్యో! వెనకుండేది మీ అమ్మ అనుకుంటి కదమ్మా! ఆడవాళ్ల విభాగమంటే లోపలుండే అందరూ ఆడవాళ్లే కావాల."

"నేనేం జేసినానప్పా? ఒక్క మర గూడా ముట్టల్యా. శనక్కాయ మూట మాదిరి కూచ్చున్నా" అన్నాడు నాయన.

"మూటకు మీసముండదు పెద్దాయనా."

"సరే, మొగోళ్ల దాంట్లో రాసుకో."

"మొగోళ్లదని వేరే ల్యాదు. అందరిదీ ఒకటుండాది. దాంట్లో రికార్డు దీనికి రెట్టింపు. నేను రేపు సాయంత్రం బస్సుకు పోవాల. మళ్లా ఎప్పుడొస్తానో."

"ఒక్క మీసం ఎంత బరువు తూగిందన్నా!" అన్నాడు బాషా. ఎవరమూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక జయంతి ఎవరితోనూ మాట్లాడలేదు. నాయన సంగటి ముద్ద ముట్టలేదు. గోడకానుకుని కూర్చుని, "రేపు నువ్వొక్కతే పో పాపా" అన్నాడు.

మా అమ్మ నల్లమ్మ కంచం ఆయన ముందుకు జరిపింది. "ఒక్కతే ఎందుకు పోతాది? నేను పోతా."

"నువ్వా? బత్తలపల్లె బస్సెక్కితేనే కక్కుకుంటావు!"

"తోడంటే మొగోడే అని యాడుందయ్యా? నువ్వు నాకు తోడొచ్చిన చోటల్లా దారి అడిగేది నేనే."

మరునాడు మధ్యాహ్నం అమ్మ చీర కుచ్చిళ్లు బిగించి వెనక సీట్లో కూర్చుంది. బాషా తాడు లాగాడు. ఆ ఎండలో కాసేపటికి గ్లైడర్ కంటికి ఆనకుండా పోయింది.

"కూచ్చో అన్నా" అన్నాడు బాషా.

"ఇద్దరూ పైనుంటే నేనెట్ల కూచ్చుంటా?"

చెరువులో పెద్ద సుడిగాలి లేచి ఎర్రమన్నుతో మా మీదుగా పోయింది. నాయన బాషా చొక్కా పట్టుకున్నాడు. "ఇంగ సాలు, తాడేసి కిందికి లాగు!"

"బోరుబాయి కాదన్నా అది!"

సారు కూడా మాటిమాటికీ పైకి చూడసాగారు. అప్పుడు కొండ వైపు నుంచి గాలిని చీలుస్తున్న సన్నని ఈల వినిపించింది. తెల్లటి రెక్కలు మా తలల మీదుగా పోయి మెత్తగా నేలకు ఆనాయి.

గంగాధరప్ప సీలు తీసి చూశాడు. "నిన్నటంత రాల్యా. అయినా పాతది దాటింది. ఈసారి ఇద్దరూ ఆడవాళ్లే, లెక్కలోకొచ్చింది!"

నాయన ఆ మాట విన్నట్టు లేదు. అమ్మ నడుముకున్న సీటు పట్టీ విప్పబోతున్నాడు. తప్పు కొస పట్టుకుని లాగుతున్నాడు, అది రావడం లేదు.

"చల్లగా ఎంత బాగుండాదయ్యా పైన! మన చేను, కళ్యాణదుర్గం కొండ, అన్నీ కనపడె. నిన్న వచ్చి ఒక్క మాటన్నా చెప్పల్యాదే?" అంది అమ్మ.

"నేను కండ్లు తెరిస్తే కదే!"

ముందు సీట్లోంచి జయంతి ఫక్కుమని నవ్వింది. నిన్నటి నుంచి ఆ గొంతు వినడం అదే మొదలు. బాషా నేల మీద కూలబడి నవ్వాడు. నాయన కూడా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ గంగాధరప్ప దగ్గరికి పోయాడు.

"అప్పా, నిన్నటి కాగితంలో నా పేరు కొట్టేసినావా?"

"కొట్టేసినా పెద్దాయనా."

"ఇంగొక గీత గీయి. గట్టిగా."